గోదారి గట్టున బెంట్ గ్రాస్‌కి రోజుకి ఎన్ని నీళ్ళు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. రావులపాలెం దగ్గర మీ బావగారికి కాలువ పక్కన పన్నెండెకరాల కొబ్బరితోట ఉంది. అందులో ఐదెకరాలు తీసి చిన్న రిసార్టు పక్కన నాలుగు హోల్స్ గోల్ఫ్, ఒక ప్రాక్టీస్ గ్రీన్ వేద్దామని ఆయన ఆలోచన. అమెరికాలో చూసిన బెంట్ గ్రాస్, కెంటకీ బ్లూ గ్రాస్ ఆయన మనసులో నాటుకుపోయాయి. విత్తనం ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. "వారానికి అంగుళం నుంచి అంగుళంన్నర నీళ్ళు చాలంటున్నారు. గోదారి పక్కనే ఉన్నాం, నీళ్ళకేం లోటు? రోజుకి ఎన్ని లీటర్లు పెట్టాలో చెప్పండి చాలు" అని అడిగారు.

లీటర్లు చెప్తాను, లెక్క కష్టమేమీ కాదు. కానీ లెక్క చూసి విత్తనం మీద చేయి వేసేయకండి, మిగతాది కూడా చదవండి. మన దగ్గర ఆ గడ్డి నీళ్ళు దొరక్క చావదు, నీళ్ళలో నిలబడి చస్తుంది. అది నేను రెండుసార్లు కళ్ళారా చూశాను, రెండుసార్లూ నీళ్ళు పోసింది నేనే.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది ఆత్రేయపురం వైపు. హార్టికల్చర్ చదివి గల్ఫ్‌లో నాలుగేళ్ళు, తర్వాత అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలో ఏడేళ్ళు గోల్ఫ్ కోర్సుల్లో గడ్డి పని చేశాను. ఆట మాత్రం ఇప్పటికీ రాదు. ఇప్పుడు ఊళ్ళోనే ఉండి అరటి, కొబ్బరి చూసుకుంటూ, అడిగినవాళ్ళకి లాన్లు, క్రికెట్ గ్రౌండ్లు చూసిపెడుతున్నాను.

ముందు కొలత. వాళ్ళ లెక్కలు అంగుళాల్లో ఉంటాయి, మన భూమి సెంట్లలో ఉంటుంది. సెంటు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్ళు పరిస్తే 40 లీటర్లు. అంగుళం నీళ్ళంటే సెంటుకి వెయ్యి లీటర్ల పైచిలుకు. ఈ రెండూ గుర్తుంటే మిగతాదంతా నోటి లెక్కే.

గడ్డికి రోజుకి ఎంత కావాలన్నది రెండు అంకెల మీద నడుస్తుంది. ఒకటి, ఆ రోజు ఎండ, గాలి కలిసి నేల నుంచీ ఆకు నుంచీ ఎంత నీటిని లాగేస్తాయన్నది. దీన్ని ఈటీ అంటారు. మన డెల్టాలో ఏప్రిల్, మే నెలల్లో ఇది రోజుకి సుమారు 6 నుంచి 7 మి.మీ., డిసెంబరు, జనవరిల్లో 3 నుంచి 4. రెండోది గడ్డి జాతి. బెంట్, బ్లూ గ్రాస్, రై, ఫెస్క్యూ లాంటి చలి దేశాల గడ్డికి ఆ అంకెలో 80 శాతం ఇవ్వాలి. గరిక, జోయ్‌సియా లాంటి వేడి దేశాల గడ్డికి 60 శాతం సరిపోతుంది. ఇవి సగటు లెక్కలు. నెలనెలా కొంచెం మారతాయి కానీ ప్లాను వేసుకోవడానికి చాలు.

మే నెలలో ఈటీ 6.5 అనుకుందాం. బెంట్‌కి రోజుకి 5.2 మి.మీ., గరికకి 3.9. మామూలు గోల్ఫ్ గ్రీన్, అంటే బంతిని గుంటలో వేసే పొట్టి గడ్డి చోటు, ఒకటి పన్నెండు సెంట్లు ఉంటుంది. స్ప్రింక్లర్ చల్లిన నీళ్ళన్నీ గడ్డికి చేరవు, ఐదో వంతు గాలికీ అంచులకీ పోతుందనుకోండి. అప్పుడు బెంట్ గ్రీన్‌కి రోజుకి 3,150 లీటర్లు, గరిక గ్రీన్‌కి 2,370. తేడా నాలుగు డ్రమ్ములు. ఐదెకరాలకీ లెక్క కడితే చలి గడ్డికి రోజుకి లక్షా ముప్ఫై వేల లీటర్లు, గరికకి 98 వేలు. గంటకి 15 వేల లీటర్లు తోడే ఫిల్టర్ పాయింట్ (లోతు తక్కువ బోరు) ఉంటే ఒకటి తొమ్మిది గంటలు, రెండోది ఆరున్నర గంటలు నడవాలి.

మీకు కావలసిన అంకె ఇదే. మనలాంటి వాళ్ళకి ఇది పెద్ద నీళ్ళే కాదు. దాళ్వా వరికి దమ్ము దగ్గర్నుంచీ కోతదాకా 1,200 మి.మీ. అటూఇటూగా పెడతాం. బెంట్ గ్రాస్‌కి నాలుగు నెలల ఎండాకాలం మొత్తం కావలసింది 620 మి.మీ. అటూఇటూగా. అంటే వరిలో సగం. మీ బావగారు "నీళ్ళకేం లోటు" అన్నది అక్షరాలా నిజం. చిక్కు మిగతా చోట్ల ఉంది.

అన్నట్టు, ఇంటర్నెట్‌లో కొన్నిచోట్ల ఈ గడ్డి రోజుకి 10 మి.మీ. పైనే తాగుతుందని కనిపిస్తుంది. అది కూడా తప్పు కాదు. పొడి గాలి, మండే ఎండ, వేళ్ళ కింద కావలసినంత నీరు ఉన్నచోట ఆకు అంతా వదిలేయగలదు. మన గాలి అంత లాగదు. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

మే నెలలో కోనసీమ ఉక్క ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. చొక్కా తడిసి ముద్దవుతుంది గానీ ఒళ్ళు చల్లబడదు, చెమట ఆరదు కాబట్టి. గడ్డి పరిస్థితీ అంతే. ఆకు మీదున్న సన్నటి రంధ్రాల్లోంచి నీటిని ఆవిరి చేసి తన ఒంటిని చల్లబరుచుకుంటుంది. గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరి పోదు, ఆకు వేడెక్కిపోతుంది. కింద ఎంత నీరున్నా పైకి లాగే దిక్కు ఉండదు.

చలి గడ్డికి ఆ వేడి తట్టుకునే శక్తి పుట్టుకతోనే లేదు. దాని ఆకు 15 నుంచి 24 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది. వేరుకి ఇంకా చల్లగా ఉండాలి, 10 నుంచి 18. గరిక జాతికి 27 నుంచి 35 దాకా పండగే. ఈ తేడా ఎందుకంటే రెండూ గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకునే పద్ధతి వేరు. చలి గడ్డిది సీ3 పద్ధతి, వరిదీ అదే. వేడి పెరిగేకొద్దీ పొరపాటున ఆక్సిజన్‌ని పట్టుకుని, చేసుకున్న తిండిలో కొంత తగలేసుకుంటుంది. గరిక, చెరకు, మొక్కజొన్న సీ4 రకం. ఇవి రంధ్రాలు కొంచెమే తెరిచి ఎక్కువ తిండి చేసుకుంటాయి. అంతే ఎండుగడ్డి బరువు తయారవడానికి చలి గడ్డికి దాదాపు రెండింతల నీళ్ళు పడతాయి. వరి కూడా సీ3 అయినా మన ఎండకి వేల ఏళ్ళుగా అలవాటు పడింది. బెంట్ పడలేదు.

ఇలినాయ్‌లో నా మొదటి జూలై చెప్తాను. అక్కడ ఎండాకాలం మనంత ఉండదు గానీ మధ్యలో వారం, పది రోజులు ఉక్క పడుతుంది. పగలు 34 డిగ్రీలు, రాత్రి 23, గాలి కదలదు. నేను అసిస్టెంట్‌ని. మధ్యాహ్నం రెండింటికి ఏడో గ్రీన్ మీద గడ్డి నీలం తిరిగింది. నడిస్తే అడుగుల ముద్రలు అలాగే ఉండిపోయాయి, ఆకు లేవట్లేదు. పుస్తకం ప్రకారం అది దాహం గుర్తు. హోస్ పట్టుకుని పదిహేను నిమిషాలు పోశాను. మర్నాటికి సగం గ్రీన్ గోధుమరంగు.

మా సూపరింటెండెంట్ తిట్టలేదు. గ్రీన్‌లో గుంట తీసే హోల్ కట్టర్ తెచ్చి అక్కడొక ముక్క తీసి నా చేతిలో పెట్టి వాసన చూడమన్నాడు. పైన అంగుళం మేర నల్లటి పొర. ముక్కు దగ్గర పెట్టుకోగానే నేను మా ఊరి చేల్లో ఉన్నాను. దమ్ము చేసిన మడిలో కాలు దిగినప్పుడు బుడగలతో పైకొచ్చే ఆ రొచ్చు వాసన. వేళ్ళున్న చోట గాలి లేదు, ఊపిరాడక వేళ్ళు కుళ్ళాయి. కుళ్ళిన వేరు నీరు తాగదు కాబట్టి నీళ్ళలో నిలబడిన గడ్డి దాహంతో వాలిపోయింది. దాన్ని వాళ్ళు వెట్ విల్ట్ అంటారు. నేను పోసిన పదిహేను నిమిషాల నీళ్ళు ఆఖరి దెబ్బ.

వరి అదే రొచ్చులో నవ్వుతూ నిలబడుతుంది. ఒక పిలక పీకి కాడ అడ్డంగా కోసి చూడండి, లోపల సన్నటి గొట్టాలు కనిపిస్తాయి. ఆకుల నుంచి వేళ్ళదాకా గాలి దిగేది వాటిలోంచే. బెంట్ గ్రాస్‌కి అలాంటి ఏర్పాటు లేదనే అనుకోవాలి. డెల్టాలో పుట్టినవాడికి నీళ్ళంటే పంట అనే నమ్మకం ఒంట్లో ఉంటుంది. ఆ నమ్మకం వదులుకోవడానికి నాకు రెండు సీజన్లు పట్టింది.

వేరు సంగతి ఇంకొంచెం చూడాలి, ఎందుకంటే "రోజుకి ఎన్ని లీటర్లు" అన్న ప్రశ్నకి అసలు జవాబు వేరు లోతులో ఉంది. వసంతకాలంలో మంచి బెంట్ గ్రీన్‌కి వేరు జానెడు లోతు దిగుతుంది. మట్టి వేడి 24, 25 దాటిందా, కొత్త వేరు పుట్టడం తగ్గి పాతది చావడం మొదలవుతుంది. జూలై చివరికి రెండంగుళాలు మిగిలితే అదృష్టం. ఇప్పుడు లెక్క చూడండి. గ్రీన్ కింద పోసే ఇసుకలో పది సెంటీమీటర్ల లోతుకి గడ్డికి అందే నీరు సుమారు 10 మి.మీ. అనుకుంటే, రెండంగుళాల వేరు చేతిలో ఉండేది 5 మి.మీ. సరిగ్గా ఒక రోజు ఖర్చు. సాయంత్రానికి జేబు ఖాళీ. అదే గరిక వేరు అడుగు లోతు దిగితే 30 మి.మీ. దాని చేతిలో ఉన్నట్టు, వారం రోజులు మీరు ఊరెళ్ళినా పచ్చగానే ఉంటుంది.

అందుకే అక్కడ ఎండాకాలంలో బెంట్ గ్రీన్ల దగ్గర ఒక మనిషి మధ్యాహ్నం పూట హోస్, తేమ మీటరు పట్టుకుని తిరుగుతూ ఉంటాడు. రెండు పుల్లల మీటరు అది, గుచ్చితే ఇసుకలో నీరు ఎంత శాతమో చెప్తుంది. ఎండిన చోటే చెంబుడు నీళ్ళు పోస్తాడు, పక్కనున్న చోట చుక్క పోయడు. నీళ్ళ ఖర్చు పెద్దగా ఉండదు. ఉండేది టెన్షన్, మనిషి జీతం. ఇంకో పని కూడా చేస్తారు. ఆకు మీద మాత్రమే పొగలా రెండు నిమిషాలు చల్లి వదిలేస్తారు, అది ఆవిరై ఆకు చల్లబడటానికి. పొడి గాలిలో అది బాగా పనిచేస్తుంది. ఉక్కలో చల్లితే ఆకు తడిసి ఊరుకుంటుంది, చల్లబడదు. అందుకే ఉక్క ప్రాంతాల్లో గ్రీన్ పక్కన పెద్ద పెద్ద ఫ్యాన్లు పెడతారు. మీ బావగారు గ్రీన్‌కి ఒక ఫ్యానూ, దానికి రాత్రింబగళ్ళు కరెంటూ లెక్కలో వేసుకున్నారా?

రాత్రుల మాట ఎవరూ అడగరు గానీ నా దృష్టిలో మన దగ్గర అసలు దెబ్బ రాత్రిదే. పిథియం అని ఒక తెగులు ఉంది, నీళ్ళలో ఈదే బూజు జాతి. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల పైన ఉండి, ఆకు రాత్రంతా తడిగా ఉంటే చాలు దానికి. పొద్దున్నే చూస్తే ఆకులు నూనె రాసినట్టు అంటుకుపోయి, వాటి మీద సాలెగూడు లాంటి తెల్లటి నూలు. గడ్డి కోసే మిషన్ చక్రాల వెంట, నీళ్ళు పారిన దారి వెంట బారులు బారులుగా పాకుతుంది. ఇలినాయ్‌లో ఏడాదికి పది, పదిహేను రాత్రులు మాకు ఈ భయం ఉండేది. మన డెల్టాలో మార్చి నుంచి అక్టోబరు దాకా దాదాపు ప్రతి రాత్రీ 20 పైనే. మే నెలలో తెల్లవారుజామున కూడా 27, 28 ఉంటుంది. మందు కొట్టుకుంటూ పోతే గడ్డికంటే ముందు మీ పర్సు వాలిపోతుంది.

ఇవన్నీ తెలిసి కూడా నేను ఊరొచ్చిన ఏడాది పెరట్లో రెండు సెంట్లలో బెంట్ వేశాను. పట్టుదల అనండి, పైత్యం అనండి. అడుగు లోతు తవ్వి కంకర, పైన జల్లించిన ఇసుక, కింద పైపు, అంతా శాస్త్రప్రకారం చేసి డిసెంబరు మొదటి వారంలో చల్లాను. ఎనిమిదో రోజుకి పచ్చటి పొగలా లేచింది. సంక్రాంతికి వచ్చిన చుట్టాలందరూ చెప్పులు విప్పి నడిచారు. జనవరి రాత్రులు 18, 20 మధ్య, పగలు 28, 29. ఏడాదిలో మనకి వచ్చే అతి చల్లటి రోజుల సగటే 24, అంటే దాని సుఖానికి ఆఖరి గీత. ఫిబ్రవరి చివర పలచబడింది. మార్చి మూడో వారంలో రెండు రోజులు మబ్బు పట్టి గాలి ఆగింది. మూడో రోజు పొద్దున మా అమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి చూసి, "ఇన్ని నీళ్ళు పోసి ఎండగట్టావేంట్రా దీన్ని?" అంది. పిథియం పేరు చెప్పి సమర్థించుకోబోయాను. "గరిక వేసుకోవలసింది" అని లోపలికెళ్ళిపోయింది.

ఆవిడ మాటే మీకు నా సలహా కూడా.

వినాయక చవితి పత్రిలో దూర్వాయుగ్మం అని రెండు పోచలు కలిపి పెడతామే, ఆ గరికే అమెరికావాళ్ళు బెర్ముడా గ్రాస్ అని పిలిచేది. ప్రపంచంలో వేడి ప్రాంతాల గోల్ఫ్ కోర్సుల్లో చాలా భాగం దాని మీద, దాని సంకరాల మీద నడుస్తున్నాయంటే అతిశయోక్తి కాదు. జార్జియా రాష్ట్రంలో టిఫ్టన్ అనే ఊళ్ళో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త మామూలు గరికని ఆఫ్రికా గరికతో కలిపి సన్నటి ఆకు రకాలు తీశాడు. టిఫ్‌వే, టిఫ్‌డ్వార్ఫ్ అని వాటికి ఆ ఊరి పేరే పెట్టారు. ఈయన మనకి ఇంకోరకంగా కూడా చుట్టమే. 1965లో మన దేశంలో వచ్చిన మొదటి హైబ్రిడ్ సజ్జకి ఆడ లైను ఈయన తయారుచేసిన టిఫ్ట్ 23ఏ. గోల్ఫ్ గడ్డి చేసినవాడి చేతి మీదుగా సజ్జ రొట్టె కూడా వచ్చిందన్నమాట. సరే, అది పక్కన పెడదాం.

గ్రీన్‌కి టిఫ్‌డ్వార్ఫ్ లాంటి పొట్టి రకం, ఫెయిర్‌వేకి (గ్రీన్ దాకా బంతి కొట్టుకుంటూ వెళ్ళే గడ్డి దారికి) టిఫ్‌వే గానీ నర్సరీవాళ్ళు సెలెక్షన్ వన్ అని పిలిచే రకం గానీ చూడండి. ఈ సంకరాలకి విత్తనం ఉండదు, కాడలు నాటాలి. కడియం నర్సరీల్లో అడగండి. కాకపోతే వాళ్ళు చూపించే గడ్డి చాప చూసి మోసపోకండి. ముక్క పీకి గణుపుల మధ్య దూరం చూడండి, రెండు మూడు చోట్ల పీకండి. ఒకే చాపలో రెండు రకాల గణుపులు కనిపిస్తే కల్తీ, ఏడాది తిరక్కుండా గ్రీన్ మచ్చలు మచ్చలుగా తయారవుతుంది. గరికకి ఒక బలహీనత ఉంది, నీడ పనికిరాదు. కొబ్బరి చెట్ల మధ్యలో గ్రీన్ పెడితే ఫొటోకి బాగుంటుంది, గడ్డికి బాగుండదు. పొద్దుట ఎండ తగిలేలా తూర్పు వైపు చెట్లు తీయించండి.

"దుబాయ్‌లో చలికాలం రై గ్రాస్ వేస్తారు కదా, మనమూ నాలుగు నెలలకి వేసుకోవచ్చు కదా" అని మీ బావగారు తప్పక అంటారు. నేను అక్కడ నాలుగు సీజన్లు ఆ పనే చేశాను. గరిక గొరిగేసి, గ్రీన్ మీద చదరపు మీటరుకి 150 నుంచి 200 గ్రాముల రై విత్తనం చల్లి, మొలకెత్తేదాకా రోజుకి నాలుగుసార్లు సన్నగా తడుపుతాం. వారంలో మొలక వచ్చేస్తుంది. ఎందుకు చేస్తామంటే అక్కడి చలికి గరిక మందగించి రంగు పోతుంది, అది టూరిస్టులు వచ్చే సీజను. గరిక పూర్తిగా నిద్రపోవాలంటే మట్టి 10 డిగ్రీల దగ్గరికి దిగాలి. రావులపాలెంలో మట్టి 10 డిగ్రీలకి ఎప్పుడు దిగింది? మన గరిక జనవరిలో కాస్త నెమ్మదిస్తుంది, అంతే. పచ్చగా ఉన్నదాని మీద పచ్చరంగు వేయడానికి అంత విత్తనం, అంత నీరు దేనికి? పైగా మార్చిలో రై చచ్చేటప్పుడు కింద గరికని నీడతో, పోటీతో నలిపి మరీ చస్తుంది. చలి గడ్డి చూడాలని అంత ముచ్చటగా ఉంటే గుల్మార్గ్ వెళ్ళి రమ్మనండి, ఖర్చు తక్కువ.

ఇక గరిక వేశారనుకుని నీళ్ళ పనిలో నాలుగు మాటలు.

మీ కాలువ నీళ్ళు తియ్యటివి, గడ్డికి బంగారం. కానీ దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లో వదులుతారు. గడ్డి ఎక్కువ తాగే నెలలు సరిగ్గా అవే. దానికి తోడు అది ఆయకట్టు నీరు. ఇరిగేషన్ వాళ్ళ అనుమతి లేకుండా మోటారు దింపితే కాలువ కాపలా చూసే లస్కరు కంటే ముందు కింది రైతులు వస్తారు, వాళ్ళ తప్పు కాదు. కాబట్టి ఏప్రిల్, మే నెలలకి ఫిల్టర్ పాయింట్ మీదో చెరువు మీదో ఆధారపడాలి. పది రోజుల గరిక నీళ్ళకి పది లక్షల లీటర్ల చెరువు కావాలి. రెండు మీటర్ల లోతు తవ్వితే 12, 13 సెంట్లు చాలు. గోల్ఫ్‌లో చెరువు అందం కూడా, బంతులు పోతుంటే రిసార్టుకి ఆదాయం కూడా.

బోరు నీరు వాడేముందు ల్యాబ్‌లో ఈసీ, అంటే నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె, చూపించండి. 0.7 లోపు ఉంటే బెంగ లేదు. 3 దాటితే చలి గడ్డి సంగతి మర్చిపోవడమే, గరిక మాత్రం తట్టుకుంటుంది. మీ దగ్గర ఉప్పు బాధ తక్కువే ఉండొచ్చు. ఇదే ప్రశ్న అంతర్వేది వైపు నుంచి వస్తే నేను గరిక కూడా కాకుండా సముద్రపు ఒడ్డున పెరిగే పాస్పాలం వేయమంటాను.

నేల సంగతి మీకు తెలుసు. నల్లమట్టి తడిస్తే బంక, ఎండితే బీట. గంటకి నాలుగైదు మి.మీ. కూడా ఇంకదు. స్ప్రింక్లర్ అంతకంటే చాలా వేగంగా చల్లుతుంది కాబట్టి మిగతాది పల్లానికి పారిపోతుంది. ఫెయిర్‌వేలో ఐదు నిమిషాలు తిప్పి, అరగంట ఆపి, మళ్ళీ ఐదు నిమిషాలు తిప్పండి. గ్రీన్లు మాత్రం మట్టి మీద వేయకండి. చుట్టుపక్కల నేలకంటే మెరక చేసి, 10 సెంటీమీటర్ల కంకర, పైన 30 సెంటీమీటర్ల ఇసుక, కంకర కింద చిల్లుల పైపు వేయండి. పైపు చివర పడే చోటు వానాకాలంలో కూడా నీటిమట్టానికి పైన ఉండాలి. లేకపోతే సెప్టెంబరులో మురుగు డ్రెయిన్ ఎగదన్ని అదే పైపులోంచి నీరు గ్రీన్‌లోకి వస్తుంది. ఇది కూడా అనుభవమే, మా పక్క ఊరి క్రికెట్ గ్రౌండ్‌లో. ఇసుక ముతకది కావాలి. లంకల్లో దొరికే సన్న ఒండ్రు ఇసుక చవకగా వస్తుంది, ఏడాదిలో గట్టిపడిపోతుంది. తడిపి పిడికిట్లో నొక్కి చూడండి, ఉండకట్టి విప్పినా విడిపోకపోతే లారీ వెనక్కి పంపండి.

స్ప్రింక్లర్లు బిగించాక ఇంట్లో ఉన్న స్టీలు గ్లాసులు ఇరవై తీసుకెళ్ళండి. పక్కలు నిలువుగా ఉండాలి, అన్నీ ఒకే సైజు కావాలి. గ్రీన్ అంతా సమదూరంలో పెట్టి పదిహేను నిమిషాలు తిప్పండి. తర్వాత పిల్లల స్కేలుతో ఒక్కో గ్లాసులో ఎన్ని మి.మీ. పడిందో రాసుకోండి. అన్నింటి సగటు 4, అతి తక్కువ పడిన ఐదు గ్లాసుల సగటు 2 వచ్చిందనుకోండి. అంటే ఎండిన మూలని తడపడానికి మీరు మిగతా గ్రీన్‌ని రెండింతలు ముంచుతున్నారన్నమాట. తక్కువ గ్లాసుల సగటు మొత్తం సగటులో 70 శాతం దాటేదాకా నాజిల్ మార్చుకోవడం, స్ప్రింక్లర్ తల నిటారుగా పెట్టుకోవడం, ప్రెషర్ చూసుకోవడం చేస్తూనే ఉండండి. నేను చూసిన లాన్లలో నీళ్ళ కరువు అని చెప్పినవాటిలో ఎక్కువ భాగం ఈ గ్లాసుల దగ్గరే తేలిపోయాయి.

నీళ్ళు తెల్లవారుజామున నాలుగింటికి పెట్టండి. అప్పటికి గాలి ఉండదు, ఆకు ఎలాగూ మంచుతో తడిసే ఉంటుంది కాబట్టి తడి గంటలు పెరగవు. సాయంత్రం ఆరింటికి పెడితే పన్నెండు గంటలు తడిపి ఉంచినట్టే. చలికాలంలో మంచు దట్టంగా పడ్డ రోజు ఇద్దరు మనుషులు పొడవాటి తాడు రెండు కొసలూ పట్టుకుని గ్రీన్ మీద లాక్కుపోతే చాలు, మంచు రాలి గంటలో ఆరిపోతుంది. సగం తెగుళ్ళు ఆ తాడుకే ఆగుతాయి.

ఇచ్చిన నీళ్ళు ఎంత లోతు దిగాయో తెలుసుకోవడానికి మీటరు కొనక్కర్లేదు. పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చండి. తడి ఉన్నంత మేర సులువుగా దిగి, పొడి తగలగానే ఆగుతుంది. గరికకి అది జానెడు దిగాలి. మళ్ళీ నీళ్ళు ఎప్పుడంటే, అడుగు వేసి వెనక్కి తిరిగి చూసినప్పుడు ముద్ర లేవకుండా ఉండి, స్క్రూడ్రైవర్ రెండంగుళాల దగ్గరే ఆగినప్పుడు. ముద్ర ఉండి, స్క్రూడ్రైవర్ మాత్రం సర్రున దిగిపోతోందంటే నీళ్ళు పెట్టకండి, ముక్క తీసి వాసన చూడండి.

ఆ బెంట్ విత్తనం ప్యాకెట్ ఈపాటికే వచ్చేసి ఉంటే సీలు తీయకుండా రిటర్న్ గడువు చూసుకోండి. గడువు అయిపోయి ఉంటే నవంబరు ఆఖర్లో ఒక వెడల్పు తొట్టెలో ఇసుక పోసి, మీ బావగారు కాఫీ తాగే చోట పెట్టండి. మార్చిదాకా ఆయనకి ముచ్చట తీరుతుంది.